మాట లేని పాట కట్టిన గోదావరి వైణికులు

ద్రాక్షారామం: ద్రాక్షారామం పేరు చెబితే ఎవరికైనా ముందు భీమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. వీణ తెలిసిన వారికి మాత్రం దానితోపాటు ఒక మనిషి పేరు కూడా గుర్తుకు వస్తుంది. ఆయన కీర్తిశేషులు శ్రీ ఈమని శంకరశాస్త్రి. 1922 సెప్టెంబరు 23న ఆయన ఈ ఊళ్ళోనే పుట్టారు. మరి పద్నాలుగేళ్ళకు, 1936 అక్టోబరు 13న, ఇక్కడికి ఎంతో దూరం లేని కాకినాడలో ఇంకొక పిల్లవాడు పుట్టాడు. పెద్దవాడై ఆ పిల్లవాడు శాస్త్రిగారికి శిష్యుడయ్యాడు. ఆయనే వీణ చిట్టిబాబు.

ఈ గురుశిష్యులిద్దరూ త్యాగరాజ కృతులు వాయించి దేశమంతా పేరు తెచ్చుకున్న సంగతి తెలిసిందే. ఆ పని మరికొందరు వైణికులూ చేశారు. వీరు చేసిన రెండో పని మాత్రం అందరూ చేయలేదు. పాడటానికి మాట అన్నది లేకుండా, వీణ మీద పలకడానికే పుట్టిన రచనలు వీరు కట్టారు. కృతులు వాయించిన ఖ్యాతి వెనుక ఈ రెండో పని కొంత మరుగున పడిపోయింది. ఈ జిల్లాల వారే దాన్ని సరిగా పట్టించుకోకపోవడం విచారించదగిన విషయం.

పాటంటే మాటే కదా!

పల్లెలో పాట అనగానే మాట కావాలి. ఊడ్పుల్లో ఆడవాళ్ళు ఎత్తుకునే పాటకైనా, రామమందిరంలో శనివారం భజనకైనా, హరిదాసు కథ మధ్యలో అందుకునే కీర్తనకైనా మాట ఉంటుంది. హార్మోనియం గానీ, మద్దెల గానీ ఆ మాట వెనుక నడుస్తాయి.

పెద్ద కచేరీల్లోనూ సంగతి అంతే. వైణికుడు వేదిక మీద తానే ప్రధానంగా కూర్చున్నా, ఆయన వాయించేది గాయకులు పాడే కృతినే. అది త్యాగరాజు తెలుగులో కట్టింది కావచ్చు, ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతంలో కట్టింది కావచ్చు. వినేవాడికి ఆ సాహిత్యం ముందే తెలిసి ఉంటుంది గనుక తీగ మీద స్వరం పలికేసరికి మనసులో మాట పలుకుతుంది. వాయించేవాడి పనీ అలాగే నడుస్తుంది. సాహిత్యంలో అక్షరం ఎక్కడ పడుతుందో అక్కడే కుడిచేతి వేలు తీగను మీటుతుంది. వీణ నేర్పే గురువులు శిష్యుణ్ణి ముందు కృతిని నోటితో పాడమనేది ఇందుకే. పాడటం రానివాడికి ఎక్కడ మీటాలో తెలియదు.

దీక్షితులు స్వయంగా వైణికుడు. అయినా మనకు ఆయన ఇచ్చినవి సాహిత్యం ఉన్న కృతులే. కుంపిణీ దొరల బ్యాండుమేళాల బాణీలు విని ఆయన కట్టిన నొట్టుస్వరాలకు కూడా సంస్కృతంలో మాటలు కూర్చారు.

మాట లేని రచనలు అసలే లేవనడానికి వీలు లేదు. నాట్యంలో జతిస్వరం ఉంది. హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతారు కట్టిన 'ఇంగ్లీషు నోటు' ఉంది. మదురై మణి అయ్యరు దాన్ని స్వరాలతో పాడి ఊరూరా తెలిసేలా చేశారు. పెళ్ళిళ్ళలో తలంబ్రాలు అయ్యి జనం భోజనాలకు లేచే వేళ సన్నాయి వారు హుషారుగా ఏదో ఒక నోటు వాయించడం మన వైపు కొత్త కాదు. అయితే కచేరీలో వీటికి దొరికేది చివర మిగిలిన నాలుగు నిమిషాలే. అరిటాకులో పెరుగన్నం అయ్యాక వేసే తాంబూలం వంటివి అవి.

వీణకు సొంత సొమ్ము అనదగ్గది ఒకటి ఉంది. అది తానం. రాగం, తానం, పల్లవి అన్నప్పుడు ఆ మధ్యది వీణ మీద వింటేనే తృప్తి అని గాయకులు కూడా ఒప్పుకుంటారు. కాని తానం కట్టిన రచన కాదు. ఆ పూట విద్వాంసుడి మనసులో పుట్టి ఆ పూటే పోతుంది. రేపు వాయించే తానం రేపటిది. దీన్ని మనోధర్మం అంటారు. రచన అంటే వేరు. మొదలు ఎక్కడ, మలుపు ఎక్కడ, మళ్ళీ మొదటికి వచ్చేది ఎక్కడ, ముగింపు ఎక్కడ అని ముందే తేల్చి కట్టి, నేడు, రేపు, పదేళ్ళ తరువాత కూడా గుర్తుపట్టేటట్లు నిలబెట్టేది రచన. కృతిలో ఆ పనిని పల్లవి, అనుపల్లవి, చరణం చేస్తాయి. మాట తీసేస్తే ఆ కట్టుబాటు అంతా రాగం, తాళం, వాద్యం మీదనే నిలబడాలి. దూలం తీసేసి ఇల్లు నిలబెట్టమన్నట్లు ఉంటుంది.

వీణకు ఏది చేతనవును?

ఒక వాద్యానికి రచన కట్టాలంటే ముందు ఆ వాద్యం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి. పిల్లనగ్రోవికి ఊపిరే హద్దు. ఊపిరి తీసుకునే చోటు రచనలోనే ఉండాలి. ఫిడేలుకు కమాను ఉంది, స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. వీణకు ఆ సౌకర్యం లేదు. మీటిన క్షణంలో నాదం నిండుగా ఉండి, ఆ తరువాత తరిగిపోతూ వస్తుంది. బావిలో వేసిన రాయి చప్పుడులాగ మొదట గట్టిగా వినపడి, తరువాత అలలుగా మిగులుతుంది.

దీనికి ప్రతిగా వీణకు ఉన్న బలాలు చిన్నవి కావు. దండి మీద మైనంలో కూర్చిన 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళానికి మరి మూడు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే ఆ నాలుగు తీగల మీద మొత్తం మూడున్నర స్థాయిలు పలుకుతాయి. మామూలు గాయకుడి గొంతు రెండు, రెండున్నర స్థాయిలు తిరిగితే గొప్ప. అంటే కృతిని మాత్రమే వాయిస్తే వీణలో కొంత భాగం ఎప్పుడూ పనిలేకుండానే ఉండిపోతుంది. మాగాణి నాలుగెకరాలు ఉండి మూడెకరాలే నాటినట్లన్నమాట.

ఇంకొక బలం తీగను పక్కకు లాగటంలో ఉంది. ఒక మెట్టు దగ్గర తీగను ఎడమచేతి వేళ్ళతో నొక్కి పక్కకు లాగితే, మళ్ళీ మీటకుండానే పై స్వరాలు పలుకుతాయి. చెయ్యి తిరిగినవాడు ఒక్క మీటులోనే మూడు నాలుగు స్వరాలు చెప్పగలడు. గమకానికి ఆయువుపట్టు ఇదే. మీటు తగ్గే కొద్దీ వీణ పాడుతున్నట్లు ఉంటుంది, మీటు పెరిగే కొద్దీ మాట్లాడుతున్నట్లు ఉంటుంది. ఎక్కడ పాడించాలి, ఎక్కడ మాట్లాడించాలి అన్నది సాహిత్యం ఉంటే అదే చెబుతుంది. సాహిత్యం లేని చోట రచన చేసేవాడే తేల్చుకోవాలి. వీణకు రచన కట్టడంలో ఉన్న అసలు కష్టం ఇది.

వాద్యం తయారీ కూడా ఇందులో లెక్కకు వస్తుంది. విజయనగరం వైపు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారు పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి కుండ, దండి చేస్తారు. అతుకు లేని కర్రలో నాదం ఎక్కువసేపు నిలుస్తుందని వైణికుల నమ్మకం. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ద్రాక్షారామం నుంచి ఢిల్లీకి

శంకరశాస్త్రి తండ్రి శ్రీ ఈమని అచ్యుతరామశాస్త్రి కూడా వైణికుడే. విజయనగరంలో వీణ వెంకటరమణదాసు, పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వెలిగిన కాలం అది. పిఠాపురం వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు సంగమేశ్వరశాస్త్రి వీణ విని, ఆయనను శాంతినికేతనానికి పిలిపించుకున్నారంటే అప్పటి గోదావరి వీణ ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోవచ్చు. ఆ వాతావరణంలో పెరిగిన కుర్రవాడికి తండ్రే గురువు.

శాస్త్రిగారు మద్రాసు చేరి జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు దగ్గర పనిచేశారు. జెమినీ వారు 1952లో తీసిన 'మిస్టర్ సంపత్' హిందీ చిత్రానికి సంగీతం కూర్చిన వారిలో ఆయన ఒకరు. శాస్త్రీయ విద్వాంసుడు సినిమాకు వెళ్ళాడంటే ఆ రోజుల్లో కొందరు మొహం చిట్లించేవారు. కాని ఈ విషయాన్ని మరోవైపు నుంచి చూడాలి. సినిమాలో పాట కాకుండా వెనుక వచ్చే సంగీతం అంతా మాట లేని సంగీతమే. హీరోయిన్ ఏడుస్తున్నా, గుర్రం పరుగెత్తుతున్నా, వాన కురుస్తున్నా దాన్ని స్వరంతోనే చెప్పాలి. అదీ లెక్కపెట్టిన క్షణాల్లో చెప్పాలి. మాట లేకుండా కథ నడిపే విద్యకు అంతకన్నా మంచి బడి ఎక్కడ ఉంటుంది?

తరువాత ఆయన ఆకాశవాణిలో చేరారు. మద్రాసులోను, ఆ పైన ఢిల్లీలోను పనిచేశారు. ఢిల్లీ కేంద్రంలోని జాతీయ వాద్యబృందానికి సంచాలకుడై, ఉత్తరాది వాద్యాలను, దక్షిణాది వాద్యాలను ఒక చోట కూర్చోబెట్టి వాటికి రచనలు చేశారు. సితారు, సరోదు, జలతరంగం, ఫిడేలు అన్నీ ఎదురుగా ఉన్నప్పుడు ఏ స్వరం ఏ వాద్యానికి అప్పగించాలో తెలియాలి. ఈ ఆలోచనే మళ్ళీ ఒంటి వీణ మీద పనికి వచ్చింది.

ఆయన వీణ రచనల్లో పదేపదే చెప్పుకునేది 'ఆదర్శ శిఖరారోహణం'. ఎవరెస్టు శిఖరాన్ని మనిషి ఎక్కిన ఘట్టం దానికి వస్తువు. టెన్సింగు, హిల్లరీ ఆ శిఖరం మీద కాలు మోపింది 1953 మే 29న. దేవుడి మీద కీర్తన, రాజు మీద పద్యం తెలిసిన మన సంగీతానికి ఒక కొండ ఎక్కడం గురించి, అదీ ఒక్క మాట లేకుండా చెప్పడం కొత్త విషయం. వీణకు మెట్లు ఉన్నాయి గనుక ఎక్కడం దానికి సహజమే అని హాస్యానికి అనుకోవచ్చు. నిజానికి మెట్లు ఎక్కడం ఏ విద్యార్థి అయినా చేస్తాడు. ఎక్కుతున్నవాడి ఆయాసం, జారిన అడుగు, ఎదురుగాలి వినేవాడికి తట్టాలంటే గమకం చేత ఆ పని చేయించాలి. మీటు తక్కువ, లాగుడు ఎక్కువ అనే శాస్త్రిగారి బాణీ దీనికి సరిగ్గా సరిపోయింది. ఒక మీటు వేసి అది పూర్తిగా ఆరిపోయే దాకా దానిలోంచి స్వరాలు పిండటం ఆయన ప్రత్యేకత. తొందరపడి రెండో మీటు వేసే అలవాటు ఆయనకు లేదు. 1987లో ఆయన కన్నుమూశారు.

కాకినాడ కోయిల

చిట్టిబాబు ఇంటిపేరు చల్లపల్లి. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరే చివరకు లోకానికి తెలిసిన పేరైంది. తండ్రి రంగారావు వీణ వాయిస్తుండగా ఒక తప్పుడు స్వరం పడితే, అయిదేళ్ళ పిల్లవాడు అది సరికాదని చెప్పాడట. అక్కడి నుంచే పాఠం మొదలైందని ఆయన అభిమానులు చెప్పుకుంటారు. పండ్రంగి ఉప్పలయ్య, ఈయుణ్ణి అప్పలాచార్యులు తొలి గురువులు. పన్నెండేళ్ళకు మొదటి కచేరీ. కుటుంబం మద్రాసు చేరాక 1949లో వచ్చిన భరణీ వారి 'లైలా మజ్ను' చిత్రంలో బాలనటుడుగా కూడా కనిపించారు. ఈమని వారి దగ్గర శిష్యరికం దొరికింది మద్రాసులోనే. సినిమా సంగీతంలో వీణ వాయించేవారిలో ఆయన పేరు ముందు వరుసలో ఉండేది. వీణ విద్వాంసుడి కథతో 1964లో వచ్చిన తమిళ చిత్రం 'కలైకోవిల్'లో తెర మీద నటుడి చేతుల్లో ఉన్నది వీణే అయినా, వినిపించేది చిట్టిబాబు వాదనే.

గురువు ఒక కొండను ఎక్కించగా, శిష్యుడు ఒక పిట్టను పలికించాడు. 'కొమ్మలో కోయిల' అనే ఆయన రచన విన్న ఏ పల్లెటూరివాడికీ అది ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. మామిడితోటలో కోయిల కూసే తీరు అందరూ ఎరిగిందే. ఒకే కూత కూస్తుంది గాని ప్రతి కూతకూ గొంతు కాస్త పైకి పోతుంది. పక్కన పిల్లలు వెక్కిరిస్తే ఇంకా హెచ్చు గొంతుతో అందుకుంటుంది. ఆ కూతలో స్వరానికి, స్వరానికి మధ్య గీత లేదు, జారుడు ఉంది. హార్మోనియం మీద ఇది పలకదు, ఎందుకంటే దాని మెట్టుకు, మెట్టుకు మధ్య దారి లేదు. వీణ మీద తీగ లాగితే ఆ దారి దొరుకుతుంది. వాద్యానికి ఏది చేతనవునో తెలిసి వస్తువును ఎంచుకోవడం అంటే ఇదే.

'వెడ్డింగ్ బెల్స్', 'టెంపుల్ బెల్స్' వంటి పేర్లతో ఆయన రికార్డులు వచ్చాయి. ఇంగ్లీషు పేర్లు చూసి ఇదేదో దొర సంగీతం అనుకునే ప్రమాదం ఉంది గాని గంట మోత వీణకు పరాయిది కాదు. పక్కనున్న మూడు తాళపు తీగలూ సా, పా, పై సా లకు శ్రుతి చేసి ఉంటాయి. చిటికెన వేలితో వాటిని ఒక్కసారి మీటి వదిలితే గుడిగంట మోగి ఆగినట్లే ఉంటుంది. శతాబ్దాలుగా తాళం కొట్టడానికే వాడుతున్న తీగల్లో ఒక గంట దాగి ఉందని పట్టుకోవడానికి రచయిత చెవి కావాలి. వేదపనస నుంచి పక్షి కూత దాకా ఆయన వీణలో పలకనిది లేదని చెప్పుకోవడం అతిశయోక్తి అనిపించదు.

వీరి కాలంలో రెండు కొత్త సాధనాలు కూడా కలిసి వచ్చాయి. వీణ నాదం చిన్నది. తిరునాళ్ళలో వెయ్యిమంది ముందు పెడితే మూడో వరుస దాటదు. రేడియో మైకు వచ్చాక పంచాయతీ ఆఫీసు ముందు అరుగు మీద కూర్చున్న రైతు కూడా ఆ తీగ చివరి కదలిక విన్నాడు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రెండోది గ్రామఫోను రికార్డు. పాత రికార్డు ఒక వైపు మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. తరువాత వచ్చిన పెద్ద రికార్డు ఒక వైపున ఇరవై నిమిషాలు పడుతుంది. మూడు గంటల కచేరీలో రాగాన్ని నెమ్మదిగా విస్తరించేవాడికి ఇది ఇబ్బంది కావచ్చు గాని, నిడివి కుదించి కట్టే రచనకు ఇది అచ్చంగా పనికివచ్చే కొలత. నాలుగు నిమిషాల్లో కోయిల వచ్చి, కూసి, ఎగిరిపోవాలి.

పెదవి విరుపులు

ఇంత చేసినా అందరూ మెచ్చుకున్నారని చెప్పడానికి లేదు. కోయిలలు, గంటలు పలికించడం గారడీ అవుతుంది గాని సంగీతం కాదని సంప్రదాయవాదులు పెదవి విరిచేవారు. ఆ మాటలో కొంత సబబు లేకపోలేదు. పిట్టను అనుకరించడమే గొప్ప అయితే ఆ పని మిమిక్రీ కళాకారుడు వీణ లేకుండానే చేస్తాడు. అనుకరణ అయిపోయిన తరువాత రాగం మిగిలిందా, లేదా అన్నది చూడాలి. కోయిల కూతను తీసేసి విన్నా ఆ బాణీ నిలబడుతుందా? నిలబడితే అది రచన. పడిపోతే అది సరదా. చిట్టిబాబు రచనల్లో రెండు రకాలూ ఉన్నాయని నిష్పాక్షికంగా వినేవారు ఒప్పుకోవాలి. 'కొమ్మలో కోయిల' మాత్రం మొదటి రకం.

సంప్రదాయవాదులు మరిచిపోయేది ఒకటి ఉంది. కచేరీలో వాద్యం ఒంటరిగా ప్రధాన పీఠం ఎక్కడమే ఒకనాడు కొత్త. గాయకుడి పక్కన కూర్చునే ఫిడేలును తీసుకుని ద్వారం వెంకటస్వామినాయుడు 1938లో వెల్లూరులో తానే ప్రధానంగా కచేరీ చేసినప్పుడు అదీ వింతే అయింది. తరువాత అది మామూలైపోయింది. పాలకొల్లు కుర్రవాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు బిగించి వాయించినప్పుడు కూడా మొదట ఆక్షేపించినవారు ఉన్నారు. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరాలతోను, మూడు స్వరాలతోను కొత్త రాగాలు కట్టినప్పుడు జరిగిన వాదోపవాదాలు చెప్పాలంటే వేరే పేజీ కావాలి. గోదావరి నీళ్ళలో ఏదో ఉంది, ఉన్నదానితో ఊరుకునే గుణం మాత్రం లేదు.

కాగితం మీద లేని ఆస్తి

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. కృతి ఎలా బతుకుతుంది? మాటను పట్టుకుని బతుకుతుంది. రాగం సరిగా రాని ముసలమ్మ కూడా త్యాగరాజ కీర్తన నాలుగు ముక్కలు గొణుక్కుంటుంది. ఆ గొణుగుడులోనే కీర్తన తరం దాటుతుంది. మాట లేని రచనకు ఆ తోడు లేదు. వాయించేవాడి వేళ్ళలో ఉన్నంత కాలం ఉంటుంది. ఆ వేళ్ళు పోతే రికార్డులో ఉంటుంది. రికార్డులో ఉన్నది వినడానికి పనికివస్తుంది గాని, వాయించడానికి అంత సులువుగా లొంగదు.

ఐరోపా దేశాల్లో పద్ధతి వేరు. అక్కడ రచన చేసేవాడు ఒకడు, వాయించేవాడు ఇంకొకడు. రచన కాగితం మీద ఉంటుంది. జర్మనీ దేశస్థుడు బాఖ్ 1720 ప్రాంతంలో సెల్లో అనే పెద్ద ఫిడేలు కోసం ఒంటరిగా వాయించవలసిన ఆరు రచనలు చేశాడు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి పోయింది. భార్య అన్నా మగ్దలీనా ఎత్తి రాసిపెట్టిన ప్రతి మిగిలింది. ఆ తరువాత చాలాకాలం వాటిని కచేరీల్లో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1890లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో ఒక పాత కాగితాల కొట్లో పదమూడేళ్ళ కుర్రవాడు పాబ్లో కసాల్స్‌కు వాటి అచ్చుప్రతి దొరికింది. ఏళ్ళ తరబడి సాధన చేసి, కచేరీల్లో వినిపించి, 1936 నుంచి 1939 లోపు మొత్తం రికార్డు చేశాడు. నేడు సెల్లో పట్టిన ప్రతివాడూ వాటిని వాయిస్తాడు. ఒక ఇల్లాలు ఓపికగా ఎత్తి రాసిపెట్టిన ఫలితం అది.

ఈ కాలపు రచయితలు కూడా అక్కడ ఒంటి వాద్యం మీద చాలా పని చేశారు. వరేజ్ అనే ఆయన 1936లో ప్లాటినం లోహంతో చేసిన కొత్త పిల్లనగ్రోవి కోసం ఒక రచన చేసి, ఆ లోహం సాంద్రత అయిన 21.5నే దానికి పేరుగా పెట్టాడు. ఇటలీకి చెందిన లూచానో బెరియో 1958లో ఫ్లూటుతో మొదలుపెట్టి 2002 వరకు ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్కటి చొప్పున పద్నాలుగు రచనలు చేశాడు. వాయించేవారి దగ్గరకు పోయి, ఈ వాద్యం చేత ఇంతవరకు ఎవరూ చేయించని పని ఏముంది అని వెతికి మరీ కట్టాడు. శంకరశాస్త్రి, చిట్టిబాబు చేసిందీ అదే. తేడా ఏమంటే బెరియో రచన ఏ దేశంలోనైనా కొట్లో కొనుక్కుని వాయించుకోవచ్చు.

మనకు రాసే పద్ధతి లేక కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే ఉంది. ఏ స్వరానికి ఏ గమకం అన్నది చూపడానికి ఆయన ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. ఆయన కూడా వైణికుడే కావడం గమనించాలి. అంత శ్రద్ధగా ఆ గుర్తులు తరువాత వాడినవారు తక్కువ. నేడు పరీక్షలకు చదివే పిల్లల నోటు పుస్తకాల్లో స రి గ మ లు మాత్రమే ఉంటాయి. కృతికి అది సరిపోతుంది, మిగిలింది గురువు పాడి చెబుతాడు. 'కొమ్మలో కోయిల'ను ఉత్త స రి గ మ ల్లో రాస్తే కొమ్మ ఉంటుంది గాని కోయిల ఉండదు. ఏ మెట్టు మీద నొక్కి, ఎంత దూరం లాగి, లాగిన తీగను మెల్లగా వదలాలా, గభాలున వదలాలా, మళ్ళీ మీటాలా, అక్కరలేదా అన్నవన్నీ కాగితం మీదకు రావాలి.

పరీక్షల పాఠాల్లో వర్ణాలు, కృతులదే పెద్ద వాటా. సంగీత సభలు కూడా వైణికుణ్ణి పిలిచేటప్పుడు కోరేది అవే. వందేళ్ళు దాటిన కాకినాడ సరస్వతీ గానసభ ఉన్న ఊళ్ళోనే పుట్టినవాడు చిట్టిబాబు. ఏడాదిలో ఒక్క సాయంత్రం మాట లేని ఈ వీణ రచనలకే కేటాయిస్తే జనం రారనడానికి కారణం కనపడదు. కోయిల కూతకు సాహిత్యం తెలియాలా?

ఇప్పుడు ఈ రచన నేర్చుకోదలచిన పిల్లకు ఉన్న దారి ఒక్కటే. ఫోనులో పాత రికార్డు పెట్టి, రెండు క్షణాలు విని ఆపి, ఆ స్వరం తన వీణ మీద ఎక్కడుందో వెతుక్కోవాలి. చిట్టిబాబు వీణ శ్రుతి వేరు, ఆమె వీణ శ్రుతి వేరు గనుక ముందు అది సరిచేసుకోవాలి. స్వరం దొరుకుతుంది. అది నాలుగో మెట్టు నుంచి లాగి పలికించినదా, ఆరో మెట్టు మీద నేరుగా మీటినదా అన్నది చెవికి సరిగా అందదు. అది చూసి నేర్చుకోవలసినది. చూసినవారు ఉన్నారు. ఆయన ఎదుట కూర్చుని ఎడమచేతి వేళ్ళ కదలికను గమనించిన శిష్యులు ఇంకా ఉన్నారు. గుర్తులతో సహా రాసిపెట్టగలిగినవారు వారే. చిట్టిబాబు 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో మరణించారు. అప్పటికి ఇరవై ఏళ్ళున్న శిష్యుడికి కూడా నేడు నలభై ఎప్పుడో దాటింది.